ఆర్నెల్ల బేరం

కడప జిల్లాలో ఇంతవరకూ ఎవరూ చేయని బేరం ఒకటి నేను చేశాను. ఎదుటి మనిషి రెండేళ్లు ఇస్తానంటే, కూర్చుని వాదించి దాన్ని ఏడాదిన్నరకు దించి, గెలిచిన మొహంతో బయటికి వచ్చాను. ఇచ్చేది ఆయన. తీసుకునేది మేము. కర్నూలు పాతబస్తీలో మూడు తరాలుగా స్టీలు సామాన్లు అమ్ముతున్న ఇంట్లో పుట్టి, అక్షరాలకంటే ముందే గిరాకీల మొహాలు చదవడం నేర్చుకున్నవాడిని కాబట్టి అంత పని చేయగలిగాను. మామూలు మనిషికి సాధ్యం కాదు.

ఆ రోజు నా పక్కన, కడపలో నా పరిశోధనకు గైడుగా ఉన్న మేడమ్ కూర్చుని ఉంది. జన్మలో ఒక్క బేరం ఆడని మనిషి. ఇదంతా ఆమె గురించే.

ఆమె పోయి ఏడాది దాటింది. పోయిన వారం ఉన్నట్టుండి గుర్తొచ్చింది. నేనిప్పుడు కర్నూల్లో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతూ, ఒకరిద్దరు పరిశోధక విద్యార్థులను కూడా చూస్తున్నాను. ఆదోని నుంచి ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లవాడు గ్రహాల చుట్టూ ఉండే అంతరిక్షం మీద పరిశోధన చేస్తానంటున్నాడట, ఎన్నేండ్లు పడతాదని తండ్రి అడిగాడు. మూడేళ్లు అన్న మాట నాలుక చివరకు వచ్చేసింది. ముందు తక్కువ చెప్పి మనిషిని కొట్లోకి లాగడం మా రక్తంలోనే ఉంది. అంతలో నా చెయ్యి దానంతటది లేచి కళ్లద్దాలను నుదుటి మీదికి తోసింది. కళ్లు మూసుకున్నాయి.

"తెలీదప్పా," అన్నాను.

ఆ మాట నాది కాదు. ఆ చెయ్యి కూడా నాది కాదు.

మేడమ్ అంతే. ఏదైనా అడిగితే కళ్లద్దాలు నుదుటి మీదికి పోయేవి, కళ్లు మూతపడేవి. కాసేపటికి జవాబు వచ్చేది, లేదంటే తెలీదు అని వచ్చేది. రెండూ ఒకే గొంతుతో. ఆ తర్వాత కళ్లద్దాల కోసం బల్లంతా వెతికేది. అవి తలమీదే ఉన్నాయని మేమెవరం చెప్పేవాళ్లం కాదు. ఆ వెతుకులాటలోనే ఆమెకు మంచి ఆలోచనలు తడతాయని డిపార్ట్‌మెంటులో ఒక నమ్మకం. నా సిద్ధాంతగ్రంథంలో నాలుగో అధ్యాయం మొత్తం అట్లా వెతుకుతుండగా పుట్టిందే.

నేత చీరలు కట్టేది, వాటి కింద పిల్లలు ఆటల పీరియడుకు వేసుకునే తెల్లబూట్లు తొడిగేది. మనిషి పొట్టి. నడక మాత్రం బస్సు తప్పిపోతున్నదానిలా ఉండేది. కూరగాయల మార్కెట్టుకు ఆమెతో పోవడం నాకు నరకం. "ఎంత?" అనేది. వాళ్లు చెప్పేవాళ్లు. "సరే," అని ఇచ్చేది. పక్కన నిలబడి నేను పళ్లు నూరుకునేవాడిని. కర్నూలు, కడప మార్కెట్లలో టమాటా అమ్మే ఆడవాళ్లు రేటు చెప్పేదే అవతలివాళ్లు సగానికి అడుగుతారని. ఈమె అడగకపోయేసరికి వాళ్లకు దిక్కు తోచేది కాదు. ఒకామె రెండు వారాలు ఓపికపట్టి, మూడో వారం తనే రేటు తగ్గించి, "నీతో పెట్టుకుంటే నాకు పాపం తగులుతాదమ్మా," అని గొణిగింది. మేడమ్ దానికీ సరే అంది.

మేము చదివేది ఏమిటో మా నాయనకు చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. చివరికి ఇట్లా చెప్పాను. సూర్యుడి నుంచి ఎప్పుడూ ఒక గాలి వీస్తుంటుంది, అప్పుడప్పుడూ అది తుఫాను అవుతుంది. మన భూమి షట్టరున్న కొట్టు. తుఫాను వస్తే అయస్కాంత క్షేత్రమనే షట్టరు కాపాడుతుంది. అంగారకుడు తోపుడుబండి. షట్టరు లేదు. తుఫాను నేరుగా సరుకు మీదే కొడుతుంది, పై గాలిని కొంచెం కొంచెంగా ఎత్తుకుపోతుంది. ఎంత పోతోంది, ఎట్లా పోతోంది అని లెక్క చూసేవాళ్లం మేము. మా నాయన విని, పోయే సరుకు లెక్కలు చూడ్డానికి అంత చదువెందుకురా అన్నాడు. మేడమ్‌కు చెబితే ఆమె కళ్లు మూసుకుని, "తోపుడుబండి బాగుంది. కానీ దక్షిణం వైపు అక్కడక్కడా రాళ్లలో పాత అయస్కాంతం మిగిలుంది. బండి మీద రెండు మూడు గొడుగులు పెట్టు," అంది. అప్పటి నుంచి మా డిపార్ట్‌మెంటులో తోపుడుబండి, గొడుగులు అనేవి శాస్త్రీయ పదాలు.

పరిశోధక విద్యార్థికి మొదట కావలసింది కంప్యూటరు కాదని మేడమ్ అనేది. డేటా కూడా కాదు. ఇంట్లోవాళ్లు ఎప్పుడు అయిపోతాదని అడక్కుండా ఉండటం. అందుకని ఏడాదికొకసారి ప్రతి విద్యార్థి ఇంటికీ పోయేది. స్వీట్లు కాదు, అంగారకుడి ఫొటో ఒకటి పెద్దదిగా వేయించి, ఫ్రేము కట్టించి తీసుకుపోయేది. నందికొట్కూరు నుంచి రాయచోటి దాకా ఎన్ని ఇళ్లల్లో దేవుడి పటాల పక్కన ఆ ఎర్రనేల వేలాడుతోందో చెప్పలేను. మా కొట్లో అది ప్రెషర్ కుక్కర్ల పైన ఉంది.

ఆ ఇళ్లల్లో ఆమె పని విద్యార్థికి టైము అడగడం. దానికి ఆమె పూర్తిగా పనికిరాని మనిషి. నాకంటే ముందు ఒకతను ఉండేవాడట. వాళ్ల నాయన ఎన్నేళ్లు పడుతుందని అడిగితే ఈమె ఐదు కావచ్చు, ఆరు కూడా కావచ్చు అని చెప్పి కాఫీ తాగి వచ్చింది. పై వారానికి ఆ అబ్బాయి బ్యాంకు పరీక్షల కోచింగులో తేలాడు. అది తెలిసి, డిపార్ట్‌మెంటులో ఎవరో తమాషాకు, ఈసారి సెట్టిని వెంటబెట్టుకుపో మేడమ్ అని నన్ను చూపించారు. తమాషా అంటే ఆమెకు తెలీదు. నిజంగానే తీసుకుపోయింది.

నేను బాగానే పనిచేశాను, ఆ మాట చెప్పుకోవాలి. ఒకచోట ఏడాది, ఇంకోచోట ఎనిమిది నెలలు, అడిగిందల్లా సాధించాను. ముందు ఎక్కువ అడిగి, మొహం ముడుచుకుని, లేచి చెప్పులు వేసుకోబోయి, మళ్లీ కూర్చుని తగ్గేవాడిని. మేడమ్ పక్కన కూర్చుని సర్కసు చూసినట్టు చూసేది. బయటికి వచ్చాక, మరి నిజంగా పట్టే టైము ఎంతో వాళ్లకెవరు చెబుతారు అని అడిగేది. తర్వాత చూద్దాం మేడమ్ అనేవాడిని.

ఆ తర్వాతే నసీమా ఇల్లు వచ్చింది.

నసీమా మాలో అందరికంటే తెలివైనది. వాళ్ల నాయన మస్తాన్ భాయ్‌కి కడప బయట నాపరాళ్ల యార్డు. క్వారీల నుంచి బండలు తెప్పించి, కోయించి, పాలిష్ పట్టి అమ్ముతాడు. ఆయన కూతురిని చదువు ఆపమన్నది పెళ్లికి కాదు, యార్డుకు. బిల్లులు, పన్ను కాగితాలు, లారీ పత్రాలు అన్నీ నసీమా చేతిమీదే నడిచేవి. ఆ పిల్ల లేకపోతే లారీ గేటు దాటేది కాదు. అట్లాంటి మనిషిని ఎవరు వదులుకుంటారు? మా నాయనైతే గొలుసు వేసి కట్టేవాడు.

మేము పోయేసరికి భాయ్ బండల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫొటో ఇస్తే రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ నేల యాడిది మేడమ్? బేతంచెర్ల పక్కనా?"

అంగారకుడిదని మేడమ్ చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు. దూరం ఎక్కువైతే లారీ బాడుగ ఎక్కువ, అంతే కదా అన్నట్టు తలూపి, రాయి గట్టిదేనా, పాలిష్ పడతాదా అని అడిగాడు. మేడమ్ కళ్లద్దాలు పైకి తోసి కళ్లు మూసుకుంది. "పడతాది. నల్లరాయి జాతే. కాకపోతే తెచ్చేవాళ్లు లేరు," అంది. ఇద్దరూ దాని మీద కాసేపు మాట్లాడుకున్నారు. నాకు చెయ్యి దురద పెడుతోంది. ఎప్పుడెప్పుడు బేరంలోకి దిగుదామా అని.

టీలు వచ్చాయి. భాయ్ తనంతట తనే అసలు సంగతికి వచ్చాడు. పాప సదువుతాండాది, మంచిదే, కానీ యార్డు చూసుకునేవాళ్లు లేరు. మేనల్లుడు ఒకడు ఉన్నాడు, వాడిని కొన్నాళ్లు కూర్చోబెడతాడు. "రెండేండ్లు ఇస్తా. అంతకు మించి నాతో కాదు."

రెండేళ్లు. మేము బయల్దేరేటప్పుడు అనుకున్నదే రెండేళ్లు. ఇక లేచి రావాలి. కానీ ఒక అంకె చెవిన పడి, దాన్ని తగ్గించకుండా ఊరుకోవడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. నోరు దానిపాటికి అది తెరుచుకుంది.

"రెండెందుకు భాయ్, శానా ఎక్కువ. ఏడాదిన్నరకు ఖాయం చేసుకుందాం."

ఆయన నన్ను అనుమానంగా చూశాడు. తగ్గిస్తున్నానంటే ఇందులో ఏదో మెలిక ఉందనుకున్నాడు. వ్యాపారస్తుడు కదా, ఆయన కూడా మొండికేశాడు. రెండు అన్నాడు. నేను ఏడాదిన్నర అన్నాను. ఆయన ఒకటి ముప్పావు దాకా దిగాడు, నేను దిగలేదు. లేచి చెప్పుల దాకా పోయాను. వెనక్కి పిలిచాడు. ఏడాదిన్నరకు చెయ్యి కలిపాడు.

ఆటో ఎక్కి సగం దూరం వచ్చేదాకా నేను ఈల వేస్తున్నాను. మేడమ్ మెల్లగా అడిగింది. "ఏమప్పా, మనం అడగడానికి వచ్చినామా, ఇయ్యడానికి వచ్చినామా?"

ఈల ఆగింది. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే కళ్లద్దాలు జారి ఒళ్లో పడ్డాయి, ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు. ఒక్క మాట తిట్టలేదు. నేను వెనక్కి పోయి మార్చుకుని వస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. చెయ్యి కలిపినాక ఎట్లా మారుస్తావు, మీ నాయన మారుస్తాడా అంది. మారుస్తాడు, కానీ చెప్పలేదు. నసీమాకు నువ్వే చెప్పు అని ఆ శిక్ష ఒక్కటే వేసింది.

నసీమా విని, కంప్యూటరు మీద నుంచి చెయ్యి తీసి నా వైపు తిరిగింది. "మా నాయన రెండు అన్యాక నీకేం నొప్పి వచ్చింది అన్నా?"



నసీమాకు కావలసింది ఒక పెద్ద తుఫాను. పాత తుఫాన్ల డేటా ఉంది, దాన్ని ప్రపంచమంతా ఎప్పుడో పిండేసింది. అంగారకుడి చుట్టూ తిరిగే నౌకలు రెండు ఒకేసారి, ఒకటి ఎదురుగాలిలో నుంచి, ఇంకొకటి గ్రహం నీడలో నుంచి, ఒకే తుఫానును చూడాలి. అప్పుడే లోపలికి వచ్చింది ఎంత, ఎత్తుకుపోయింది ఎంత అని లెక్క తేలుతుంది. మిగతా అధ్యాయాలన్నీ రాసేసింది. అది ఒక్కటే ఖాళీ. పొద్దున్నే వచ్చి సూర్యుడి ఫొటో తెరిచేది. మచ్చలు ఉండేవి, చిన్నాచితకా చిటపటలు ఉండేవి. పెద్దది కొడితే మా రెండు నౌకల్లో ఒకటి ఎప్పుడూ తప్పుడు చోట ఉండేది. ఏడాది అట్లా గడిచింది. సూర్యుడితో ఏం మాట్లాడి దించాలో నాకు తెలీలేదు.

ఆ గడువు చివర్లోనే మేడమ్‌కు పిలుపు వచ్చింది. అంగారకుడి పై గాలిని కొలిచే పరికరం తయారుచేసిన విదేశీ బృందం, తమ దగ్గరికి వచ్చి ఆర్నెల్లు పనిచేయమని అడిగింది. సర్వీసంతా వాళ్లు పంపిన డేటాతో బతికిన మనిషి, ఆ పరికరం దగ్గర కూర్చున్నవాళ్లతో ఒకసారి మాట్లాడాలన్నది ఆమె కోరిక. రిటైరుమెంటు దగ్గర్లోనే ఉంది. డిపార్ట్‌మెంటంతా మైసూర్‌పాకు పంచింది. కడప ఎండలో ఉన్ని కోటు ఎక్కడ దొరికిందో దొరికింది, చెప్పిన రేటుకే కొని, చెమటలు కారుతుండగా వేసుకుని మాకు చూపించింది.

నసీమా గడువు అయిపోయింది. తుఫాను రాలేదు. మేడమ్ మళ్లీ యార్డుకు బయల్దేరింది. నేను దారి పొడవునా ఎత్తులు అల్లుతున్నాను. మూడు నెలలు కావాలంటే ఏడాది అడగాలి, జ్వరమొచ్చిందని చెప్పాలి, పెద్ద ఉద్యోగం కాచుకుని ఉందని చెప్పాలి. యార్డు గేటు దగ్గర ఆమె ఆగి, "నువ్వు టీ తాగడానికి మాత్రం నోరు తెరువు," అంది.

లోపలికి పోయి కూర్చుంది. ఫొటో బిల్లుల బల్ల పైన గోడకు ఉంది, దాని మీద పాలిష్ దుమ్ము.

"భాయ్, పాప పని అయిపోలేదు. ఆ పిల్ల తప్పేం లేదు. ఒక పెద్ద తుఫాను రావల్ల, రాలేదు."

"ఎప్పుడొస్తాది?"

"తెలీదు."

"నెలకా? రెండు నెలలకా?"

"నెలకు రావొచ్చు. ఏడాదికీ రాకపోవచ్చు. మాది కోడుమూరు పక్కన పల్లె భాయ్. వాన ఎప్పుడని అడిగితే మా నాయన కూడా తెలీదనేటోడు. నేను దానికంటే ఎక్కువ చెప్తే అబద్ధం అయితాది."

ఇంతకంటే పాడు బేరం నేను ఇప్పటిదాకా చూడలేదు. గోరు వెచ్చగా అయిపోయిన టీ నా చేతిలో అట్లనే ఉంది. భాయ్ లేచి, ఒక బండ మీద చెయ్యి పెట్టి, దాని అంచు తడిమి చూశాడు. నసీమా లోపల బిల్లుల దగ్గర నిలబడి ఉంది. ఆ పిల్ల నాలుగేళ్ల పని ఆయన తర్వాతి మాట మీద ఆధారపడి ఉంది. అది ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

"ఈ యార్డుకు వచ్చినోళ్లందరూ నాకు లెక్కలు చెప్తారు మేడమ్," అన్నాడు చివరికి. "తెలీదని చెప్పినోళ్లు లేరు. పట్టినంత పట్టనీ. కానీ బిల్లులు ఎవరు రాస్తారు? మేనల్లుడు బెంగుళూరులో ఉద్యోగం చూసుకున్యాడు. ఏడాదిన్నర అని ఖాయం చేసుకుంటిమి గదా, వాడు ఆ లెక్కనే పెట్టుకున్యాడు. పై వారం పోతాండాడు."

"నేను రాస్తాను," అంది మేడమ్.

మర్యాదకు అందనుకున్నాను. ఆదివారం నాకు ఫోన్ చేసి, నువ్వు శనివారాలు రా, ఆదివారాలు నేను చూసుకుంటా అంది. మామూలు రోజుల్లో సాయంత్రాలు వంతులు వేసుకున్నాం. నసీమా అప్పుడప్పుడూ వచ్చి నా తప్పులు దిద్దిపోయేది. మేడమ్ తప్పులు దిద్దాల్సిన పని ఉండేది కాదు. ఆమెతో వచ్చిన కష్టం వేరే. మేస్త్రీలు వచ్చి చివరి రేటు ఎంత అని అడిగితే, చివరి రేటు చెప్పేసేది. మొదటి వారమే భాయ్ ఆమె బల్లను తీసి వెనక షెడ్డులో వేయించాడు, గిరాకీలకు కనపడకుండా. అక్కడ కోత మిషన్ల రొదలో, తెల్లబూట్ల నిండా రాతిపొడితో, లారీ నంబర్లు రాసుకుంటూ కూర్చునేది. రెండు లారీల మధ్య ఖాళీలో మా అధ్యాయాలు దిద్దేది. నా పేజీల మీద ఎర్ర సిరా పక్కన బూడిదరంగు వేలిముద్రలు ఉండేవి.

యార్డు బిల్లులు వదిలి పోలేక, విదేశాల వాళ్లకు వచ్చే ఏడాది వస్తానని రాసింది. వాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. ఆ చోటులోకి ఇంకెవరినో తీసుకున్నారు. వచ్చే ఏడాదికి ఆమె రిటైరైంది.

యార్డులో కూర్చోవడం మొదలుపెట్టిన ఐదో నెలలో సూర్యుడు కొట్టాడు. ఆదివారం. నేను ఊరికే టీకి పోయాను. మేడమ్ ఫోన్ మోగింది. అవతల నసీమా గొంతు నాక్కూడా వినిపించింది. "మేడమ్, రెండూ చూసినాయి. ఒకటి గాలిలో ఉండాది, ఒకటి నీడలో ఉండాది. రెండూ చూసినాయి." మేడమ్ వింటూనే చేతిలో ఉన్న బిల్లు పూర్తి చేసి, చింపి, లారీ డ్రైవరుకు ఇచ్చింది. లారీ గేటు దాటేదాకా చూసింది. అప్పుడు బండల దొంతర మీద కూర్చుని, కళ్లద్దాలు తీసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. దుమ్ము అంది. భాయ్ పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, "వాన పడింది," అని మాత్రం చెప్పింది. ఆయనకు అర్థమైంది.

నసీమాకు డాక్టరేటు వచ్చింది. ఇప్పుడు బెంగుళూరులో ఒక సంస్థలో పనిచేస్తోంది, ఆమె చేతికింద ఇద్దరు విద్యార్థులు. భాయ్ యార్డుకు జీతానికి మనిషిని పెట్టుకున్నాడు. వాడి తప్పులు ఫోన్లో కూతురికి చదివి వినిపిస్తుంటాడు. మేడమ్ పోయినప్పుడు కోడుమూరు దారిలో భాయ్ కారులోనే పోయాము. ఆయన దారంతా ఒక్క మాటే నాలుగుసార్లు అన్నాడు, ఆ మనిషికి రేటు చెప్పడం రాదప్పా అని.

మేడమ్ పోలేకపోయిన ఆ ప్రయాణం లెక్క చూడాలి. వాయిదా వేస్తూ వచ్చాను, ఇక వేయలేను.

కొంత సూర్యుడి పేరున రాద్దామని చూశాను. కుదరలేదు. తుఫాను వచ్చింది భాయ్ మొదట ఇస్తానన్న రెండేళ్ల లోపలే. నెల రోజులు మిగిలి ఉండగానే వచ్చింది. మేనల్లుడి పేరున కొంత వేద్దామంటే, వాడు నేను కుదిర్చిన గడువు దాకా నమ్మకంగా కూర్చుని పోయాడు. రెండేళ్లకు కుదిర్చి ఉంటే రెండేళ్లు కూర్చునేవాడు. మేడమ్ ఆ బల్ల దగ్గరికి పోవలసిన పనే ఉండేది కాదు. నసీమాను అడిగితే, పోనీలే అన్నా అని సగానికి సగం తగ్గిస్తుంది. మేడమ్ ఉంటే మొత్తం కొట్టేసేది. అందుకే ఎవరినీ అడగడం లేదు.

ఆర్నెల్లు. ఖర్చు పెట్టించింది నేను, కట్టింది ఆమె. తగ్గింపు ఏమీ లేదు.